తెర మీద నీలం చుక్క

ప్యారిస్ కార్నర్‌లో బస్సు బ్రేకు కీచుమంటే
హైకోర్టు ఎర్ర గుమ్మటాల మీంచి పావురాలు లేచి
మళ్లీ అక్కడే వాల్తాయి.
ఏడున్నరకి నా డ్యూటీ.
భుజం మీద సీఐఎస్ఎఫ్ ఇత్తడి అక్షరాలు,
ముందు రోజు రాత్రి చింతపండుతో తోమినవి.

పరదా వెనక ఆడవాళ్ల లైను.
రోజుకి ఆరేడొందల నడుములు తడుముతాను.
కొంగు ముళ్లో గుడి నిమ్మకాయ,
జాకెట్లో చెమటకి తడిసిన ఫీజు డబ్బు,
లాయరమ్మల కోటు జేబుల్లో పిప్పరమెంట్లు.
భయపడే ఒంటిని వేళ్లు ఇట్టే పోల్చుకుంటాయి.
భయపెట్టే ఒంటిని పట్టుకోవాలని ట్రైనింగులో చెప్పారు.
అదింకా ఈ లైన్లోకి రాలేదు.

గంటకోసారి వంతు మారి స్కానరు ముందు కూర్చుంటాను.
తెర మీద ఇనుము నీలం.
అన్నం, తోలు, రబ్బరు, కాగితం అన్నీ నారింజ.
ముప్పయ్యేళ్ల భూమి తగాదా అయినా
నారింజ ఇటుకలా దొర్లుకుంటూ పోతుంది.

ఆ రోజు బెల్టు మీద
ఒక చెయ్యి వచ్చింది.
అయిదు వేళ్లూ చాపిన చెయ్యి.
దాని మీద ఇంకోటి.

బెల్టు ఆపేశాను. సంచి ఎవరిదని
హిందీలో అడిగాను, వచ్చీరాని అరవంలో అడిగాను.
ఒక ముసలామె ముందుకొచ్చింది.
"ఏటమ్మా ఇది?"
నా నోట్లోంచి పలాస జారిపడింది.
"తెలుగుపిల్లవా! గ్లౌజులు తల్లీ" అంది.

పెంచలమ్మ. వ్యాసర్‌పాడి.
ఆమె తాత నెల్లూరు నించి
ఈ పట్నాన్ని ఊడ్వడానికి వచ్చాడట.
మొగుడు మురుక్కాలవ మూత తీసి దిగాడు, ఎక్కలేదు.
"మర్నాడు కంట్రాక్టరు మనిషి వచ్చి
ఏడ్చేవాళ్ల మధ్యలోంచి నడిచిపోయి
ఇవి గూట్లో పెట్టినాడు.
ముందే ఇచ్చినామని రాసుకున్నారంట.
జడ్జి అయ్యకి చూపియ్యాల."

పలచటి ప్లాస్టిక్ కవరు.
నోటి దగ్గర పిన్ను.
ఎవరూ తియ్యని పిన్ను.

కత్తి, కత్తెర, అగ్గిపెట్టె, కిరసనాయిలు...
నిషేధాల పట్టీ నాకు కంఠతా వచ్చు.
అందులో గ్లౌజుల్లేవు. పంపించాను.

మా అమ్మ జీడిపిక్కలు కొట్టేది.
చేతులకి ఆముదం, ఆముదం మీద బూడిద, అంతే తొడుగు.
జీడి కారి వేలికొసలు కాలి, నల్లబడి, నున్నబడ్డాయి.
ఆధార్ మిషను మీద మూడుసార్లు పెట్టింది,
"వేలు సరిగ్గా పెట్టు ముసలమ్మా" అన్నాడు కుర్రాడు.

ఆ తర్వాత పెంచలమ్మ ఆరు వాయిదాలకి వచ్చింది.
ఒకసారి జడ్జి సెలవు, ఒకసారి వాళ్ల వకీలు రాలేదు,
మిగతావి ఆమెకీ తెలీదు.
ప్రతిసారీ అవే చేతులు నారింజగా,
మణికట్టు దగ్గర ఒక నీలం చుక్క.
"విప్పి చూపించమన్నారా ఎవరైనా?" అడిగాను.
"విప్పితే వాడినామంటారు కదమ్మా."
ఈ వానలకి పిన్ను తుప్పు పట్టింది.
తుప్పు స్కానరుకి తెలీదు. సంచి అందిస్తూ నేను చూశాను.

ఈ భవనానికి ఏమీ కాకుండా చూడ్డం నా పని.
లోపల ఏమవుతుందో నా పని కాదు.
ఇన్ని వాయిదాలు ఆ పిన్నుని చూసిన కళ్లివి,
ఏ జాబితాలోనూ నా పేరు సాక్షిగా లేదు.
ఉంటే వెళ్తానా?
యూనిఫాం విప్పేటప్పుడు ఒక జవాబొస్తుంది,
వేసుకునేటప్పుడు ఇంకోటి.

వచ్చే నెల నాకు బొకారో బదిలీ.
గేటు అప్పగించాల్సింది జైసల్మేరు పిల్లకి.
రిజిస్టరు, వాకీటాకీ, లాఠీ, పరదా తాడు
అన్నీ లెక్కపెట్టి సంతకం తీసుకోవాలి.
పట్టీలో లేనిది ఒకటుంది.
చేతులు కనిపిస్తే కంగారు పడకు,
ముందు పిన్ను ఉందో లేదో చూడు.
ఇది హిందీలో ఎలా చెప్పాలా అని
రెండ్రోజులుగా కూడబలుక్కుంటున్నాను.